చెమటలో వెన్న శాతం

జిల్లా పాల ఉత్పత్తిదారుల సంఘం ఆఫీసు గోడకి రెండు పటాలు తగిలించిన రోజునే ఉగ్రనరసింహం పొట్టకి చెడ్డరోజులు మొదలయ్యాయి. మొదటి పటంలో ఒక ఎర్రగీత పైనుంచి కిందికి దిగుతోంది. అది సంఘానికి వచ్చే పాలలో వెన్న శాతం. రెండో పటంలో ఒక నీలిగీత కిందినుంచి పైకి ఎక్కుతోంది. అది సంఘం సిబ్బంది బరువు. ఆ గీతలు గీసినవాడు కంప్యూటర్ ఆపరేటరు. గోడమీద వేరే చోటు లేక రెండింటినీ పక్కపక్కన తగిలించినవాడు ప్యూను. కాని వాటిని కలిపి చూసి, వాటి మధ్యనున్న సంబంధాన్ని కనిపెట్టినవారు మాత్రం మేనేజింగ్ డైరెక్టరు జితేంద్రవర్మ గారు. పెద్దవాళ్ళు ఊరికే పెద్దవాళ్ళయిపోరు.

వర్మ గారు అప్పుడే రాజధానిలో 'కొవ్వు లేని పాలన' అనే అంశం మీద వారంరోజుల శిక్షణ పూర్తిచేసుకుని వచ్చారు. మనిషి పుట్టుకతోనే చువ్వ. తిన్నది ఎటుపోతుందో ఆయనకే తెలీదు. అయినా తన సన్నదనమంతా ఆ శిక్షణ పుణ్యమేనని ఆయన గట్టిగా నమ్మారు. వచ్చిన మర్నాడే సిబ్బందినంతా సమావేశపరిచి, బెత్తంతో ఆ గీతల్ని చూపించారు.

"మిత్రులారా! ప్రకృతిలో ఏదీ నశించదు. మరి పాలలో తగ్గిన వెన్న ఎక్కడికి పోయింది?"

పాలు పోసేవాళ్ళు తీసుకుపోయారని కొందరికీ, పాలు తెచ్చేవాళ్ళు తీసుకుపోయారని కొందరికీ నాలిక చివరిదాకా వచ్చింది గాని, ఆ రెండు రకాలవాళ్ళ చుట్టాలూ ఆ గదిలోనే ఉన్నారు.

వర్మ గారు బెత్తాన్ని ఎర్రగీత మీదినుంచి నీలిగీత మీదికి జరిపారు. అక్కడినుంచి ముందువరసలో కూర్చున్న పొట్టల మీదికి జరిపారు.

"ఇక్కడికి," అన్నారు.

"నిస్సందేహంగా సార్," అన్నారు అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు సీతాపతి గారు. ఆయన గడ్డం కింద ఇంకో గడ్డం ఉంది. సార్ అన్నప్పుడల్లా పై గడ్డం కింది గడ్డాన్ని తాకుతుంది.

ఆ సాయంత్రానికే సర్క్యులర్ వచ్చింది. దానికి 'వెన్న పునఃప్రాప్తి పథకం' అని పేరు. "సిబ్బందికి తెలియజేయునదేమనగా, వేడి తగిలిన వెన్న కరుగుటయు, కరిగినది కారుటయు శాస్త్రసమ్మతము. కావున శరీరమునుండి కారు చెమటను కరిగిన కొవ్వుగా పరిగణించవలెను. ప్రతి ఉద్యోగియు విధిగా చెమట కార్చవలెను. దసరాలోగా తగినంత కరుగని ఉద్యోగులు కొండమీది గుమ్మిగూడెం పాల శీతల కేంద్రమునకు బదిలీ చేయబడుదురు. అచ్చట ఎక్కుట, దిగుట తప్ప వేరు ప్రయాణ సాధనము లేదు."

గుమ్మిగూడెం అన్న మాట దగ్గర ఉగ్రనరసింహానికి కళ్ళు తిరిగాయి.

ఉగ్రం సంఘం ప్రయోగశాలలో పాలు పరీక్ష చేస్తాడు. పేరు ఉగ్రనరసింహమే గాని మనిషి పెరుగన్నం. ఒక్క పాలలో నీళ్ళ విషయంలో తప్ప ఎవరిమీదా గొంతు లేపి ఎరగడు. ఆయన భార్య వకుళ హైస్కూల్లో తెలుగు టీచరు. పెళ్ళయిన నాటినుంచీ ఆమెకి ఉత్తరాన బదిలీ అయితే ఆయనకి దక్షిణాన అయ్యేది. ఆయన కాళ్ళావేళ్ళా పడి ఉత్తరానికి వేయించుకుంటే ఆమెని అప్పుడే దక్షిణానికి వేసేవారు. చుట్టాలు ఆయన్ని 'ఆదివారం అల్లుడు' అనేవారు. ఏళ్ళకేళ్ళు మెస్సుల్లో నీళ్ళచారు తాగి ఆ మనిషి ఎండుకట్టె అయిపోయాడు. కిందటేడు, ఏ దేవుడికి దయ కలిగిందో, భార్యాభర్తల కోటాలో ఇద్దరికీ ఒకే ఊరు వచ్చింది. పెళ్ళికిచ్చిన జంట కంచాల్లో రెండోది అన్నేళ్ళూ అటకమీద ఉండి, అప్పుడు కిందికి దిగింది.

ఇంక చూస్కోండి. పొద్దున్న అల్లంపచ్చడితో పెసరట్టు. మధ్యాహ్నం క్యారియర్లో గుత్తివంకాయ. రాత్రి కందిపచ్చడి, దానిమీద ఓ గరిటె నెయ్యి, పక్కన కూర్చుని కబుర్లు. ఆరునెలలు తిరిగేసరికి ఉగ్రం చొక్కాగుండీలు ఒకటొకటిగా రాజీనామా ఇచ్చాయి. ఊళ్ళోవాళ్ళు దాన్ని పొట్ట అన్నారు. ఉగ్రం లెక్కలో అది పొట్ట కాదు, కాపురం. ఇప్పుడు దాన్ని కరిగించకపోతే కాపురాన్నే తీసుకుపోయి కొండమీద పెడతామంటున్నారు.

పథకం రోహిణీకార్తెలో మొదలయింది. ముందుగా ఫాన్లు విప్పి స్టోర్సులో పెట్టారు. కిటికీలు మూశారు. సిబ్బందికి తలా ఒక రగ్గు ఇచ్చారు. చల్లగదిలో పనిచేసేవాళ్ళకి రగ్గు కప్పినా చెమట పట్టడం లేదని తేలి, అది క్రమశిక్షణా రాహిత్యం కింద రాశారు. బాయిలర్ దగ్గర కూర్చుని బీడీ కాల్చుకునే ఆదెయ్య మాత్రం ఉన్నచోటినుంచి కదలకుండా నెలనెలా ఉత్తమ వ్యాయామ పురస్కారం పట్టుకుపోయాడు. ఆదెయ్యలాగా చెమట కార్చాలని వర్మ గారు ప్రతి సమావేశంలోనూ ఉద్బోధించేవారు.

ఎక్కడి కొవ్వు అక్కడే కరగాలన్నది వర్మ గారి రెండో సూత్రం. అందుకని సిబ్బందిని సెక్షన్లవారీగా కాకుండా శరీరభాగాలవారీగా విడగొట్టారు. ఉదర విభాగం పొద్దున్నే వెల్లకిలా పడుకుని లేవాలి, పడుకోవాలి, లేవాలి. చెంపల విభాగం ఖాళీ పాలప్యాకెట్లు ఊదాలి. గుమాస్తాలు కుడిచేత్తోనే రాస్తారు గనక కుడిచెయ్యి ఒక్కటే చిక్కిపోయే ప్రమాదం ఉందని, మధ్యాహ్నం నుంచి ఎడమచేత్తో రాయమని ఉత్తర్వు. ఆ ఎడమచేతి రాతలు చదవలేక కళ్ళు చికిలించే పైఅధికారుల కోసం కనురెప్పల విభాగం పెట్టాలన్న ప్రతిపాదన కూడా నడిచింది. గడ్డం విభాగానికి సీతాపతి గారు అధిపతి. వాళ్ళు తల పైకీ కిందికీ ఆడించాలి. వర్మ గారు ఏం చెప్పినా ఆ విభాగం మొత్తం అవునవునని తలూపేది. అంతకుముందూ ఊపేదే. ఇప్పుడు అది వ్యాయామం.

ఇక బరువు. పాలక్యాన్లు తూచే కాటామీద సిబ్బందిని పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎక్కించేవారు. ఆఫీసులో మంచినీళ్ళ కుండలు తీయించేశారు. నీళ్ళు బరువు కదా. ఆ ఉడుకులో, ఆ రగ్గుల్లో, చుక్క నీళ్ళు లేకుండా సాయంత్రానికి అందరూ సోలిపోయి, కాస్త తేలిగ్గానే తూగేవారు. ఇంటికి పోయి చెంబెడు నీళ్ళు తాగేసరికి పోయిన బరువు పోయినట్టే తిరిగొచ్చేది. కాని రాత్రి పెరిగింది ఆఫీసు వేళల్లో పెరిగింది కాదు గనక దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదని సీతాపతి గారు వివరణ జారీచేశారు. తగ్గిందాన్ని మాత్రం ఏ రోజుకారోజు కూడుకుంటూ పోయారు. ఆ లెక్క ప్రకారం సీతాపతి గారు ఆషాఢం చివరికల్లా పూర్తిగా హరించుకుపోవాలి. ఆయన శ్రావణంలో కూడా కుర్చీనిండా కూర్చుని, తాను లేనట్టు తనే ధ్రువీకరించి సంతకం పెట్టారు.

అంతా సవ్యంగానే నడిచిపోయేది. కాని ఒకనాడు వర్మ గారికి ఒక ఆలోచన తట్టింది. ఉగ్రాన్ని పిలిపించారు.

"ఇంత కొవ్వు కారుతోంది కదా, ఇదంతా ఏమవుతోంది?"

"తువ్వాళ్ళతో తుడుచుకుంటున్నాం సార్."

"తుడుచుకుంటున్నారా? సంఘం సొత్తు తువ్వాళ్ళ పాలు చేస్తున్నారా?" వర్మ గారు లేచి నిలబడ్డారు. "ఇవాళనుంచి ప్రతి తువ్వాలూ పిండండి. ఆ చెమటలో వెన్న శాతం ఎంతో పరీక్షించండి. ఎవరు నిజంగా కరుగుతున్నారో, ఎవరు నటిస్తున్నారో తేలిపోతుంది."

ఉగ్రం తువ్వాళ్ళు పిండించాడు. నమూనా సీసాల్లో పోయించాడు. సీసాలమీద పేర్లు అంటించాడు. తన తువ్వాలు తనే పిండుకుని తన సీసా కూడా పెట్టాడు. పాలు పరీక్షించే మరలోనే ఒకదాని తర్వాత ఒకటి పరీక్షించాడు. అన్నీ సున్నా. మర చెడిందేమోనని ఓ గేదెపాల నమూనా పెట్టి చూశాడు. మర నిక్షేపంలా ఉంది. రిపోర్టు తీసుకుని వెళ్ళాడు.

వర్మ గారు దాన్ని చదివి బల్లమీద పెట్టారు.

"ఉగ్రనరసింహం గారూ, పాలలో వెన్న తక్కువొస్తే మీరు రైతుని ఏమంటారు?"

"నీళ్ళు కలిపావంటాం సార్."

"మరీ తక్కువొస్తే?"

"మరీ ఎక్కువ కలిపావంటాం సార్."

"మరి ఇది?"

ఉగ్రం నోరు తెరిచాడు, మూశాడు. ఇరవయ్యేళ్ళుగా ఎందరు రైతులు తన ముందు అలా నోరు తెరిచి మూశారో అప్పుడు గుర్తొచ్చింది.

మర్నాటికి మెమోలు అందాయి. "తాము తమ చెమటయందు నీరు కలిపి, సంఘమును మోసగించినట్లు ప్రయోగశాల నివేదికవలన ప్రాథమికముగా రుజువగుచున్నది. సదరు నీటిని ఎప్పుడు, ఎచ్చట, ఎవరి ప్రోద్బలమున కలిపితిరో సంజాయిషీ ఇచ్చుకొనవలెను." పరీక్ష చేసినవాడే కల్తీ చేయడం క్షమించరాని నేరం గనక ఉగ్రానికిచ్చిన మెమో ఎర్రసిరాతో వచ్చింది.

ఈ వార్త పాలకేంద్రం ముందు క్యాన్లతో నిలబడ్డ ఆడవాళ్ళకి ఎలా తెలిసిందో ఏమో, కోటమ్మ సరాసరి ప్రయోగశాల గుమ్మంలోకి వచ్చి నడుంమీద చెయ్యేసి నిలబడింది. కోటమ్మకి గేదెలున్నాయి, గేదెలకంటే పెద్ద గొంతుంది. పోయిన నెలలోనే ఆమె పాలని ఉగ్రం తిప్పికొట్టాడు.

"ఏందయ్యా ఉగ్రం, నిన్ను గూడా పట్టుకున్నారంటనే?"

ఉగ్రం తల దించుకుని సీసాలు తుడుస్తున్నాడు.

"అయ్యా, అది నీళ్ళు గాదు, గేదె తాగిందే బాగా తాగింది అని నేను నెత్తీనోరూ కొట్టుకుని మొత్తుకున్నానా? ఇన్నావా నువ్వు? గేదె తాగిన నీళ్ళు వేరు, పాలల్లో కలిసిన నీళ్ళు వేరు, ఎవరికి జెబ్తావ్ పో అన్నావా లేదా?"

"అన్నాను కోటమ్మా."

"మరి ఇప్పుడు నువ్వేం జెప్తావో జెప్పు. నేనూ ఇనిపోతా. గేదెకి నీళ్ళు బెట్టే ఏళయింది, బిరీన జెప్పు!" అని పమిట నోటికడ్డం పెట్టుకుని పకపకా నవ్వింది. బయట క్యాన్లన్నీ నవ్వాయి.

ఉగ్రం ఎంత ఆలోచించినా వేరే సంజాయిషీ తోచలేదు. 'అయ్యా, అవి నేను తాగిన నీళ్ళు' అని రాసిచ్చాడు. 'తాగిన నీళ్ళు వేరు, కలిసిన నీళ్ళు వేరు' అని వర్మ గారు దానిమీద రాశారు. వచ్చే పరీక్షలో కూడా సున్నా వస్తే గుమ్మిగూడెం ఉత్తర్వు తయారుగా ఉంటుందని సీతాపతి గారు నోటిమాటగా చెప్పి, తల పైకీ కిందికీ ఆడించుకుంటూ వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం ఉగ్రం అన్నం సయించడం లేదన్నాడు. వకుళ నిర్ఘాంతపోయింది. ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ అనగా ఆమె వినలేదు.

"గోంగూర మాంసం చేశానండీ. ఏం, ఒంట్లో బాగాలేదా?"

"ఒంట్లో నీళ్ళున్నాయట," అన్నాడు ఉగ్రం.

విషయం విని ఆమె ముందు నవ్వింది. గుమ్మిగూడెం మాట వినగానే నవ్వు ఆగిపోయింది. రెండో కంచాన్ని ఒళ్ళోకి తీసుకుని, కొంగుతో ఉత్తపుణ్యానికి తుడుస్తూ కూర్చుంది. "మళ్ళీ దీన్ని అటకెక్కించాలా?" అంది కాసేపటికి. అంతకాలమూ ఎవరి పాలలోనూ ఎవరినీ చుక్క కలపనివ్వని ఆ మనిషి, ఆ క్షణంలో తన చెమటని తనే కల్తీ చెయ్యడానికి నిశ్చయించుకున్నాడు.

మర్నాడు మీగడ గదిలోంచి ఓ చెంచాడు క్రీము తెచ్చి తన సీసాలో వేసి కలిపాడు. మర కాసేపు గురగురమని, ఆవుపాలకొచ్చేంత శాతం చూపించింది.

వర్మ గారు కుర్చీలోంచి ఎగిరి గంతేశారు. ఆ గంతు కూడా ఉదర విభాగం కింద నమోదయింది. "చూశారా! చూశారా! నిజాయితీగా చెమటోడిస్తే వెన్న ఎందుకు రాదు?" ఉగ్రాన్ని కౌగలించుకుందామనుకున్నారు గాని, చేతులు చాలలేదు.

రహస్యం ప్రయోగశాల దాటడానికి ఎంతోసేపు పట్టలేదు. వారం తిరిగేసరికి ఆఫీసంతా చిక్కటి చెమట. సర్దుకుపోయే మనసుంటే మన ఉద్యోగులకి అసాధ్యమైంది లేదు. ఆవుపాలను మించినవారిని 'ఆవు శ్రేణి' అనీ, గేదెపాలను మించినవారిని 'గేదె శ్రేణి' అనీ వర్మ గారు విభజించి, చొక్కాకి తగిలించుకునే బిళ్ళలు ఇప్పించారు. సీతాపతి గారు దేనిలోనూ వెనకబడే మనిషి కాదు. ఆయన చెమట సీసాలోంచి వంపితే పడలేదు. గరిటెతో తీయాల్సి వచ్చింది. గేదె శ్రేణి బిళ్ళ పెట్టుకుని ఆయన పెళ్ళిళ్ళకి కూడా వెళ్ళొచ్చారు.

ఈలోగా మీగడ గది ఖాళీ అయింది. ఊళ్ళో ప్యాకెట్ పాలు పలచబడ్డాయి. టీ కొట్లవాళ్ళు పాలూ నీళ్ళూ వేరువేరుగా కాచడం దండగని, రెండూ ఒకే గిన్నెలోంచి పోసేస్తున్నారు. గోడమీది ఎర్రగీత నేలని తాకబోతోంది. ఎవరో దాన్ని వర్మ గారికి భయపడుతూ చూపిస్తే ఆయన చిరునవ్వు నవ్వారు. "పాలలో ఇంకా తగ్గుతోందంటే, మీలో ఇంకా ఉన్నట్టే. కార్చండి!" అన్నారు.

ఒకరోజు ఉగ్రాన్ని వేదికమీదికి పిలిచి శాలువా కప్పారు. అప్పటికే ఉన్న రగ్గుమీద కప్పారు.

"ఇటువంటి చెమట ఈ జిల్లాకే పరిమితం కారాదు. రాష్ట్రమంతటా ప్రవహించాలి!" అన్నారు వర్మ గారు గద్గదస్వరంతో. "మొట్టమొదట సఫలీకృతుడైన శ్రీ ఉగ్రనరసింహాన్ని రాష్ట్రస్థాయి శిక్షకుడిగా డిప్యుటేషన్ మీద పంపుతున్నాం. ప్రతి జిల్లా తిరుగుతారు. ప్రతి డెయిరీలో చెమట కార్చి చూపిస్తారు. కుటుంబాన్ని వెంట తీసుకుపోరాదు. శిక్షకునికి ఇంటిభోజనం నిషిద్ధం. సోమవారం రాజధానినుంచి ప్రత్యేకాధికారిణి వచ్చి, ప్రదర్శన చూసి సంతకం పెడతారు."

చప్పట్లు మోగాయి. ఉగ్రం శాలువాలో, రగ్గులో, చెమటలో నిలువునా తడిసిపోయి నిలబడ్డాడు. ఆ చెమట మాత్రం అచ్చమైనది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన గోంగూర ముద్ద కలిపి కంచంలోనే పెట్టేశాడు.

"నీళ్ళు కలిపితే కొండకి పంపుతారు. వెన్న కలిపితే ఊరూరా తిప్పుతారు. మనింటికి రావాలంటే నేను ఏం కలపాలే వకుళా?"

ఆమెకి కళ్ళనీళ్ళు తిరిగాయి. తెలుగు టీచరు గనక బయటికి కోపమే కనిపించింది. "ముందు మజ్జిగ కలుపుకుని ఆ మెతుకులు తినండి. ఊరికే కూర్చుంటే ఉత్తర్వులు మారవు," అని గిన్నె వంచింది.

ఉగ్రం ఒక గుక్క తాగి మొహం పెట్టాడు. ఇంత బాధలోనూ ఆయన నాలిక ఉద్యోగం మానలేదు. "మజ్జిగ మరీ పలచగా ఉందేం? నీళ్ళు ఎక్కువ పోశావా?"

"చుక్క పొయ్యలేదు. పొద్దున్నే చిలికి వెన్న తీసేశానండీ. తీసేశాక ఇంకా అందులో వెన్నెక్కడ ఉంటుంది?"

ఉగ్రం చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఆమె వంక చూశాడు. మజ్జిగ గిన్నె వంక చూశాడు. నెలల తరవాత మొదటిసారి ఆయన మొహంలోకి రక్తం వచ్చింది. "వకుళా," అన్నాడు, "ఆ గోంగూర ఇంకాస్త వెయ్యి."

సోమవారం బాయిలర్ గది ముందు షామియానా వేశారు. ప్రత్యేకాధికారిణి మధ్య కుర్చీలో కూర్చున్నారు. ఆమె చేతిలో పెన్ను తయారుగా ఉంది. సంతకం చెయ్యాల్సిన కాగితం మీద చూపుడువేలు పెట్టి సీతాపతి గారు పక్కన నిలబడ్డారు. ఉగ్రం రెండు రగ్గులు కప్పుకుని బాయిలర్ పక్కన తాడాట ఆడాడు. ఆయన ఎగిరినప్పుడల్లా పొట్ట ఒక క్షణం ఆలస్యంగా ఎగిరింది. క్యాన్ల వరసలోంచి కోటమ్మ "అద్దీ!" అని హుషారు చేసింది. ఆయాసంతో నాలిక బయటికొచ్చాక ఆపి, అందరి ముందూ తువ్వాలు పిండి సీసాలో పోశాడు. సీసా ఎవరి చేతులూ మారకుండా నేరుగా మరకి వెళ్ళింది.

సున్నా.

వర్మ గారి మొహం పాలిపోయింది. "నీ... నీళ్ళు..." అన్నారు.

"కాద్సార్," అన్నాడు ఉగ్రం రొప్పుతూ. "అయిపోయింది."

"ఏమయిపోయింది?"

"నా ఒంట్లో వెన్నండీ. సార్, మన సంఘంలో పాలని మరలో తిప్పి మీగడంతా తీసేశాక పరీక్షిస్తే ఏమొస్తుంది?"

"సున్నా వస్తుంది."

"దాన్ని మనం నీళ్ళు కలిపిన పాలంటామా?"

"అదెలా అంటాం? వెన్న తీసిన పాలంటాం."

"అదే సార్, నేను."

వర్మ గారి పెదాలు కదిలాయి. కళ్ళు కదిలాయి. ఆయన మెదడులో ఎర్రగీతా నీలిగీతా ఒకదాన్నొకటి వెతుక్కుంటూ పరుగెత్తడం బయటినుంచే కనిపించింది. "వెన్న తీసిన ఉద్యోగి!" అన్నారు మెల్లిగా. "పథకం పరిపూర్ణమైంది! ఇతనిలో ఇంక కరగడానికి ఏమీ లేదు!"

ప్రత్యేకాధికారిణి కళ్ళజోడు సర్దుకుని ఉగ్రాన్ని కిందినుంచి పైకి చూశారు. మధ్యలో చాలాసేపు ఆగారు.

"మరి ఈ పొట్ట?"

ఇంతదూరం వచ్చిన మజ్జిగ ఉపాయం ఈ ప్రశ్న దగ్గర విరిగింది. ఉగ్రం కళ్ళముందు గుమ్మిగూడెం మెట్లు కనబడ్డాయి. అటకమీది కంచం కనబడింది. దేవుడా, ఒక్క మాట ఇయ్యి తండ్రీ అనుకున్నాడు. దేవుడు ఇచ్చాడు గాని, వర్మ గారి నోట్లో పెట్టాడు.

"మేడమ్, అది పాత్ర!" అన్నారు వర్మ గారు. పథకం పరువు పోతోందంటే ఆయన బుర్ర ఎంతైనా పనిచేస్తుంది. "క్యాన్లోంచి వెన్న తీస్తే వెన్న పోతుంది గాని, క్యాను చిన్నదవుతుందా? ఈ బయటికి కనిపించేదంతా ఖాళీ పాత్ర మాత్రమే. పైగా మా కాటా లెక్క ప్రకారం ఇతను ఎప్పుడో అయిపోయాడు. ఏం సీతాపతి గారూ?"

"పాత్రే సార్. నిస్సందేహంగా పాత్రే," అన్నారు సీతాపతి గారు రెండు గడ్డాలతో.

ప్రత్యేకాధికారిణి పెన్నుతో ఉగ్రం పొట్టని ఒకసారి తట్టి చూశారు. ఆయన ఊపిరి బిగబట్టి, వీలైనంత ఖాళీగా నిలబడ్డాడు. ఆమె 'పాత్ర' అని రాసుకున్నారు. తరవాత ఒక సందేహం వెలిబుచ్చారు. "అయితే ఈయన శిక్షకుడిగా పనికిరారు కదా? కార్చడానికి ఏమీ లేనివారు ఇతరులకేం కార్చి చూపిస్తారు? ఇంకా బాగా వెన్న ఉన్నవారు ఎవరైనా ఉన్నారా?"

అందరి చూపులూ ఒకేసారి గేదె శ్రేణి బిళ్ళమీద పడ్డాయి. సీతాపతి గారు కాదు కాదని అడ్డంగా ఊపుదామనుకున్నారు. కాని నెలల తరబడి చేసిన వ్యాయామం ఊరికే పోతుందా? ఆయన తల ఆయనతో సంబంధం లేకుండా పైకీ కిందికీ ఊగింది. ఆ సాయంత్రమే ఆయన రాష్ట్రం మీదికి బయల్దేరారు.

ఉగ్రానికి 'పూర్తిగా వెన్న తీయబడిన ఉద్యోగి' అని ధ్రువపత్రం ఇచ్చారు. మర్నాడు ఆవు శ్రేణి మొత్తం సున్నాకి వచ్చేసింది. ఆ మర్నాటికి గేదె శ్రేణి వచ్చేసింది. పథకం ఘనవిజయం సాధించిందని ప్రకటించి, రగ్గులు వెనక్కి తీసుకుని, ఫాన్లు బిగించారు. క్రీముని సీసాల్లో కలిపే అవసరం ఎవరికీ లేకపోవడంతో అది మళ్ళీ పాలల్లోకి వెళ్ళింది. గోడమీది ఎర్రగీత పడి లేచిన దూడలా పైకి దూకింది. వర్మ గారు దానిముందు చాలాసేపు చేతులు కట్టుకుని నిలబడ్డారట. సిబ్బంది ఒంట్లోంచి తీసిన వెన్న తిరిగి పాలలోకి చేరుకుందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి? ఆయనకి పురస్కారం వచ్చింది. ఉగ్రం తన వంతుగా ఒక్క పని చేశాడు. ఆనాటినుంచీ గేదె బాగా నీళ్ళు తాగిందని కోటమ్మ అంటే, "తాగే ఉంటుందిలే" అని పాలు కొలిపించుకున్నాడు.

దసరా వెళ్ళిన వారానికి కొత్త సర్క్యులర్ వచ్చింది. ఉగ్రం దాన్ని మడతపెట్టి జేబులో పెట్టుకుని, ఎక్కడా ఆగకుండా ఇంటికి వచ్చి వకుళ చేతికిచ్చాడు. ఆమె పొయ్యి సన్నం చేసి, క్లాసులో పాఠం చదివినట్టు పైకి చదివింది.

"సిబ్బందికి తెలియజేయునదేమనగా, ప్రస్తుతము సంఘము ఉద్యోగుల శరీరములందు వెన్న శాతము సున్నాకు పడిపోయియుండుట మిక్కిలి ఆందోళనకరము. వెన్న లేని సిబ్బందిని జూచి ప్రజలు మన పాలను శంకించు ప్రమాదము గలదు. కావున ప్రతి ఉద్యోగియు విధిగా ఇంటిభోజనము చేసి, వెన్న పట్టించుకొనవలెను. ఉగాదిలోగా తగినంత పట్టని ఉద్యోగులు..."

ఆమె అక్కడ ఆగి, తలెత్తి ఆయన్ని చూసింది.

"గుమ్మిగూడెమే," అన్నాడు ఉగ్రం.

వకుళ కాగితం పక్కన పెట్టి కొంగు నడుముకి దోపింది. రెండు కంచాలూ పక్కపక్కన వేసింది. పప్పు వేసి, కందిపచ్చడి వేసి, పేరిన నెయ్యి గిన్నెని పొయ్యిమీద వెచ్చజేసి తెచ్చింది. ఆయన కంచంలో ఓ గరిటె పోసి ఆగింది.

"చాలా?"

పుట్టి బుద్ధెరిగాక ఏ పైఅధికారి ఆజ్ఞనీ ఇంత మనస్ఫూర్తిగా పాటించే అవకాశం రాలేదు ఉగ్రానికి. పీట ముందుకి జరుపుకుని కూర్చున్నాడు.

"ఉత్తర్వు చదివావుగా," అన్నాడు. "పొయ్యి."

నవ్వుతూ రెండో గరిటె ఆయనకి పోసింది. మూడోది తన కంచంలో పోసుకుంది.